పలనాటి రాయి - దాని దాతలు

దేవాలయమును చూచినప్పుడు దానిని కట్టించిన రాజెవ్వరని అడుగుట లోకమునకు అలవాటు. మల్కాపురమునకు చేరువనున్న సింహాచల క్షేత్రము విషయమున ఆ ప్రశ్నకు సమాధానము సులభముగనే లభించును. తూర్పు గాంగవంశీయుడగు మొదటి నరసింహదేవుని కాలమున, 1268 ప్రాంతమున, అక్కడి ప్రధానాలయ నిర్మాణము పూర్తియైనట్లు శాసనము తెలుపుచున్నది. రాజు పేరు, ఆయన అధికారి పేరు, కాలము అన్నియు స్పష్టము. కాని అంతకు వేయి సంవత్సరములకు పూర్వమే కృష్ణానదీతీరమున వెలసిన అమరావతి మహాచైత్యము విషయమున ఈ ప్రశ్న సరిపడదు. దానిని కట్టించిన రాజెవ్వరని అడిగినచో అక్కడి శాసనములు మౌనము వహించును. ఎవరెవరు కలసి కట్టించిరని అడిగినచో మాత్రము ఒక్కసారిగా నోరు విప్పును. వర్తకులు, గృహస్థులు, వారి భార్యలు, కోడండ్రు, భిక్షువులు, భిక్షుణులు, చివరకు ఒక చర్మకారుడు - వీరందఱు వచ్చి తమ తమ పేళ్ళు చెప్పుకొందురు.

ఆ చర్మకారుని పేరు విధికుడు. నాగుడను ఉపాధ్యాయుని కుమారుడు. తన తల్లితోను, భార్యతోను, సోదరులతోను, నాగుడను కుమారునితోను, కుమార్తెలతోను, జ్ఞాతిమిత్రులతోను కలసి ఒక పూర్ణఘటము చెక్కిన పలకను మహాచైత్యమునకు దానము చేసెను. ఈ సంగతి ఆ పలకపైననే ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో చెక్కబడియున్నది. కుమారునికి తాతగారి పేరు పెట్టు ఆచారము ఆనాడే ఉన్నట్లు దీనివలన తెలియుచున్నది. తోలుపని చేయువాడు ఉపాధ్యాయుని కుమారుడగుట ఎట్లు సంభవించెనని ఆశ్చర్యపడువారు ఆశ్చర్యపడవచ్చును. శాసనమున మాత్రము ఆ ఆశ్చర్యము లేశమైనను కానరాదు. అది సహజమైన విషయమే అన్నట్లు తండ్రి వృత్తి, కుమారుని వృత్తి ప్రక్కప్రక్కన చెప్పబడినవి.

ఇట్టి దానములకు ఆధారమైనది పలనాటి సున్నపురాయి. పూర్వపు దొరలు దీనిని చలువరాయి అని వ్రాసిరి. నేటికిని కొందఱు పాలరాయి అనుచున్నారు. నిజమునకు ఇది చలువరాయి కాదు. మిక్కిలి సన్నని రేణువులు గల సున్నపురాయి. తెలుపునకును లేత ఆకుపచ్చకును నడుమ దీని రంగు. పొరలు పొరలుగా ఏర్పడుటచే పలకలుగా తీయుటకు అనుకూలము. ఉలికి లొంగును, స్త్రీమూర్తి చేతి గాజులు, ఏనుగు చర్మపు ముడుతలు, గుఱ్ఱపు జూలు మొదలగు అతిసూక్ష్మములైన వివరములను సైతము నిలుపుకొనును. విశాఖపట్టణ ప్రాంతపు బావికొండ, తొట్లకొండలపై ఆనాటి భిక్షువులు ఇటుకను, స్థానికమైన ముతక రాతిని వాడి విహారములను నిర్మించుకొనిరి. ఆ రాతిలో ఇట్టి సూక్ష్మమైన పని సాగదు. అమరావతి, జగ్గయ్యపేట, నాగార్జునకొండ, గోలి, ఘంటసాల - ఈ స్థలములన్నిటి శిల్పసంపద ఈ ఒక్క జాతి రాతిపై ఆధారపడినదే. దాని ప్రాశస్త్యము సముద్రమును సైతము దాటినది. అమరావతి శైలిలో చెక్కిన సున్నపురాతి శిల్పములు సింహళద్వీపమునను దొరకినవి.

అమరావతికి ప్రాచీనకాలమున ధాన్యకటకమని పేరు. నేటి ధరణికోట ఆనాటి నగరమే. కృష్ణ దక్షిణపు గట్టున ఇచ్చట క్రీస్తుపూర్వమే ఆరంభమైన చైత్యము శాతవాహనుల కాలమున, ముఖ్యముగా క్రీస్తుశకము రెండవ శతాబ్దమున, తన పూర్ణరూపమును పొందినది. (ఇచ్చటికి తూర్పున, నదికి చేరువనే మఱియొక మల్కాపురము కలదు. కాకతి రుద్రమదేవి విశ్వేశ్వర శివాచార్యునికిచ్చిన దానమును, ప్రసూతిశాల, ఆరోగ్యశాలల ఏర్పాటును తెలుపు 1261 నాటి ప్రసిద్ధ శాసనము ఆ మల్కాపురముది. పేళ్ళు ఒకటియగుటచే విశాఖ మల్కాపురమువారు దానిని తమదిగా భావింపరాదు, ఐనను తెలిసికొనదగినది.) చైత్యపు అడుగుభాగపు వ్యాసము సుమారు 160 అడుగులు. దాని చుట్టును ప్రదక్షిణమార్గము. ఆ మార్గమునకు వెలుపల సుమారు 190 అడుగుల వ్యాసముతో ఎత్తైన రాతి ప్రాకారము. నాలుగు దిక్కుల ద్వారములు; ప్రతి ద్వారమునకు ఎదురుగ చైత్యమునుండి ముందునకు వచ్చిన వేదికపై ఐదేసి ఆయకస్తంభములు.

ప్రాకారము నిర్మింపబడిన విధమును గ్రహించినగాని దానముల పద్ధతి బోధపడదు. నిలువు కంబములు కొన్ని. కంబమునకు కంబమునకు నడుమ అడ్డముగా దూర్చిన రాతిదూలములు కొన్ని. అన్నిటిపైని పొడవుగా పఱచిన తలకట్టు రాళ్ళు కొన్ని. వీనికి క్రమముగా స్తంభము, సూచి, ఉష్ణీషము అని పేళ్ళు. సూచి అనగా సూదియే; కంబముల కన్నములలో దూరునది కావున ఆ పేరు వచ్చినది. ఈ భాగములలో ప్రతిదియు విడిగా చెక్కబడి, విడిగా దానమీయబడినది. ధనవంతుడు స్తంభము నిచ్చును. అంతకు చాలనివాడు సూచి నిచ్చును. చైత్యమునకు అతికించు పలక నొకరు, దీపము పెట్టు కంబము నింకొకరు ఇత్తురు. ఇచ్చినది పెద్దదైనను చిన్నదైనను దానిపై పేరు చెక్కబడును. పనిని పర్యవేక్షించుటకు నవకర్మికులను ఉద్యోగులుండిరి, వారు బౌద్ధభిక్షువులే. ఎవరి పలక ఎచ్చట అమర్పవలెనో, ఏ కథ ఎచ్చట చెక్కింపవలెనో నిర్ణయించు భారము వారిదై యుండును. లేనిచో వందలాది దాతలు తమ ఇష్టానుసారము ఇచ్చిన రాళ్ళతో అంతటి సామరస్యము గల నిర్మాణము ఏర్పడుట అసంభవము.

దాతల పట్టికను పరిశీలించినచో ఆనాటి ఆంధ్రసంఘము కన్నులకు కట్టును. ధాన్యకటక నిగమము, అనగా నగర వర్తకుల సంఘము, సమష్టిగా చేసిన దానము కలదు. ముడుకుతలుడను సేనాపతి స్తంభము నిచ్చెను. ఇది చాల ప్రాచీనమైన శాసనములలో నొకటి. బంగారపు లెక్కలు చూచు హేరణికులు, సుగంధద్రవ్యములమ్మువారు, ధనికులగు గృహపతులు ఉన్నారు. దమిళ కణ్హుడను నతడు తన తమ్ముడు చుల్ల కణ్హునితోను, సోదరి నఖతోను కలసి మహాచైత్యపు పాదమున ఒక పలకను నిలిపెను. పేరునుబట్టి వీరు తమిళులని స్పష్టమగుచున్నది. ఇంటిపెద్ద ఒక్కడే దానము చేసినట్లు చెప్పు శాసనములు తక్కువ. "భార్యతో, కుమారులతో, కుమార్తెలతో, కోడండ్రతో" అని వరుసగా అందఱిని పేర్కొనుటయే ఎక్కువ. పుణ్యము ఇంటిల్లిపాదికి పంచబడవలెనను భావము. స్త్రీలు తమంతట తాము చేసిన దానములును అనేకములు.

వీరందఱికంటెను ఎక్కువ ఆలోచింపజేయువారు భిక్షుభిక్షుణులు. సర్వమును త్యజించి పిండపాతముతో జీవించువారు శిలాశిల్పములను దానమిచ్చుట ఎట్లు? బుధరఖితుడను నవకర్మికుడైన స్థవిరుడు రాజగిరి విహారమున నుండెను. ఆయన శిష్యురాలు, ఆ పేరే గల బుధరఖిత అను భిక్షుణి, తన కుమార్తెతో కలసి ఒక పలక నిచ్చెను. సన్న్యసించినను తల్లీకూతుళ్ళ బంధము తెగలేదు. కొంత ధనముపై అధికారమును పోలేదు. వినయపిటక నియమములను మాత్రము చదివి ఆనాటి విహారజీవనమును ఊహించువారికి ఈ చిన్న శాసనము మంచి గుణపాఠము.

ఇక రాజుల మాట. వాసిష్ఠీపుత్ర పులుమావి పేరు ఇచ్చటి శాసనమొకదానిలో కలదు. అయితే దాత ఆయన కాడు. పురి అను గృహపతి కుమారుడు ఇసిలుడు తన బంధువులతో కూడి పశ్చిమద్వారమున ధర్మచక్రమును ప్రతిష్ఠించెను. అది చైత్యక నికాయమునకు చెందిన దానము. ఆ దానకాలమును తెలుపుటకై రాజు పేరు పేర్కొనబడినది. నేటి శుభలేఖలో సంవత్సరము పేరు వేసినట్లే. జగ్గయ్యపేట చైత్యమునను ఇట్లే. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని ఇరువదవ రాజ్యసంవత్సరమున తూర్పుద్వారపు ఐదు ఆయకస్తంభములను ఇచ్చినవాడు సిద్ధార్థుడు. అతడు కమ్మకరాష్ట్రవాసియగు నాగచంద్రుని కుమారుడు; ఆవేశని, అనగా పనివారలలో పెద్ద. ఉలి పట్టినవాడే దాతయు నైనాడు.

నాగార్జునకొండలో మాత్రము పరిస్థితి కొంత మాఱినది. ఇక్ష్వాకురాజులు వైదికయజ్ఞములు చేయుచుండ, వారి అంతఃపురస్త్రీలు బౌద్ధమును పోషించిరి. వీరపురుషదత్తుని మేనత్త చాంతిశ్రీ మహాచైత్య నిర్మాణమును పూర్తి చేయించెను. ఆ స్త్రీల ప్రక్కనే రాజవంశముతో సంబంధము లేని బోధిశ్రీ అను ఉపాసిక కూడ నిలిచి, సింహళదేశపు భిక్షువులకై చైత్యగృహమును కట్టించుట గమనింపదగినది.

ప్రపంచమున ఇతరత్రను ఇట్టి రాయి, ఇట్టి దాతలు, ఇట్టి గతియే సంభవించిన దేశము ఒకటి కలదు. ఆ పోలిక అమరావతి కథను మఱింత తేటపఱచును. ఆంగ్లదేశపు మధ్యభాగమున డెర్బీషైర్‌లోని చెలాస్టన్, స్టాఫర్డ్‌షైర్‌లోని టట్‌బరీ ప్రాంతముల గనులలో అలబాస్టర్ అను తెల్లని రాయి లభించును. ఇదియు నిజమైన చలువరాయి కాదు, జిప్సమ్ జాతిది. గోటితో గీచినను గీత పడునంత మెత్తన. పదునాలుగవ శతాబ్దమునుండి పదునాఱవ శతాబ్దపు మధ్యభాగము వఱకు నాటింగ్‌హామ్ మొదలగు పట్టణముల శిల్పులు దీనితో క్రీస్తు జీవితకథలను, కన్య మరియమ్మ కథలను, పునీతుల చరిత్రలను చిన్నచిన్న పలకలుగా చెక్కి, రంగులు, బంగారు పూతలు వేసి, కొయ్యచట్రములలో బిగించి చర్చిలకు అమ్ముచుండిరి. మూడవ ఎడ్వర్డు రాజు విండ్సర్ కోటలోని ప్రార్థనామందిరమునకు పీటర్ అను నాటింగ్‌హామ్ శిల్పిచే 1367లో పెద్ద బలిపీఠఫలకమును చేయించి, దానిని పది బండ్లపై తెప్పించెను. రాజు కొన్నదానినే గ్రామపు చర్చి కూడ చిన్న పరిమాణమున కొనుచుండెను. చందాలు వేసికొని పోషించు భక్తసంఘములు ఆ దేశమున గ్రామగ్రామమున ఉండెడివి. ఇంటిలో పెట్టుకొని పూజించుటకై యోహాను తల చెక్కిన చిన్న పలకలను గృహస్థులు కొనిరి. నికొలస్ హిల్ అను శిల్పి అట్టి యోహాను తలలు ఏబదియెనిమిదింటిని విక్రయమునకై పంపి, వాని సొమ్మునకై 1491లో వ్యాజ్యము వేసెను. ఏబదియెనిమిది ఒక్క మూటలో! అది అంగడిసరకుగా మాఱినదని చెప్పుటకు వేఱు సాక్ష్యము అక్కరలేదు.

ఇచ్చటనే రెండు దేశముల దానపద్ధతికి గల భేదము కనబడుచున్నది. ఆంగ్లదేశపు పలక ముందుగా తయారై అంగడిలో వేచియుండును; కొన్నవాని పేరు సాధారణముగా దానిపై నుండదు. 1456లో జాన్ గుడ్‌ఇయర్ అను గ్రామపురోహితుడు స్పెయిన్ దేశపు సాంతియాగో క్షేత్రమునకు అలబాస్టర్ ఫలకము నర్పించెనని తెలియుట అరుదైన భాగ్యము. చాలమంది దాతలు అజ్ఞాతులే. అమరావతిలో ఒక్క సూచి ఇచ్చిన సామాన్యురాలి పేరు సైతము రాతిపై నున్నది. రాజులకంటె సామాన్యుల పేళ్ళే ఎక్కువగా నిలిచిన నిర్మాణము ప్రాచీనప్రపంచమున తఱచు కానరాదు.

మెత్తని రాతికి శత్రువు అగ్ని. అలబాస్టరును కాల్చినచో అందలి నీరు పోయి గోడలపూతకు పనికివచ్చు గచ్చుపొడి యగును. సున్నపురాతిని కాల్చినచో సున్నమగును. ఉలికి అనుకూలమైన గుణము బట్టీకి కూడ అనుకూలమే. నేటికిని పలనాటి పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరుపొందినది.

ఆంగ్లదేశమున ఈ వినాశము చట్టరూపమున వచ్చినది. మతసంస్కరణ ఫలితముగా 1550లో ఆఱవ ఎడ్వర్డు ప్రభుత్వము చర్చిలలోని విగ్రహములను నాశనము చేయవలెనని శాసించెను. కొన్ని పగులగొట్టబడినవి, కొన్ని నేలలో పూడ్చబడినవి. ఆ సంవత్సరముననే మూడు నాలుగు ఓడల నిండ విగ్రహములు ఫ్రాన్సు చేరి అమ్ముడుపోయినట్లు అక్కడి ఆంగ్ల రాయబారి వ్రాసెను. ఆ చట్టములో ఒక మినహాయింపు మాత్రము ఉండెను. రాజుల, ప్రభువుల సమాధులపై గల ప్రతిమలను ముట్టరాదు. కావుననే పునీతుల పలకలు ముక్కలు కాగా, నాలుగవ హెన్రీవంటి రాజుల అలబాస్టర్ ప్రతిమలు సమాధులపై నేటికిని నిలిచియున్నవి. దేవుని బొమ్మ పోయి పోషకుని బొమ్మ మిగిలినది.

అమరావతిలో అట్టి చట్టమేదియు లేదు. బౌద్ధము క్షీణించినను చైత్యముపై గౌరవము వెంటనే పోలేదు. 1182లో కోట వంశీయుడగు కేతరాజు శైవుడై యుండియు బుద్ధదేవునికి గ్రామములను, అఖండదీపములను దానమిచ్చెను. ఆ శాసనము అమరేశ్వరాలయములోని కంబముపైననే యున్నది. 1344 నాటి సింహళదేశపు గడలాదెణియ శాసనము ధర్మకీర్తి అను స్థవిరుడు ధాన్యకటకమున రెండంతస్తుల విగ్రహగృహమును బాగుచేయించినట్లు తెలుపుచున్నది. అటుపిమ్మట విస్మృతి. ఇటుకలపై మట్టి పేరుకొని, మట్టిపై పచ్చిక మొలచి మహాచైత్యము దిబ్బయై, ప్రజలచే దీపాలదిన్నె అని పిలువబడసాగెను. దీపములు ఆరిన పిదప పేరు మాత్రము మిగిలినది.

పదునెనిమిదవ శతాబ్దాంతమున చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన నివాసమును అమరావతికి మార్చెను. ఆయన మహాదాత, అమరేశ్వరాలయమును వృద్ధి చేసినవాడు. క్రొత్త పట్టణమునకు రాళ్ళు, ఇటుకలు కావలసివచ్చి పనివారు దిబ్బను త్రవ్విరి. ఒక దాత ఔదార్యము వందలకొలది పూర్వదాతల దానమునకు ముప్పైనది. 1798లో కర్నల్ మెకంజీ వచ్చి చూచి, 1816లో మరల వచ్చి చిత్రకారులచే శిల్పముల రూపములను వ్రాయించునప్పటికి దిబ్బ నడుమ చెఱువు త్రవ్వబడుచుండెను. కొన్ని రాళ్ళు గుడిలోను, మెట్లలోను చేరినవి. కొన్ని సున్నపు బట్టీకి పోయినవి. నేడు ఆ పోయినవానిలో కొన్నిటి ఆకారమును తెలిసికొనుటకు మెకంజీ వ్రాయించిన చిత్రములే శరణ్యము.

జమీందారునొక్కనినే నిందించుట న్యాయము కాదు. రాబర్ట్‌సన్ అను కలెక్టరు కొన్ని పలకలను తీసికొనిపోయి మచిలీపట్టణపు అంగడివీధిలో అలంకారముగా నిలిపెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పములు మదరాసు చేరి ఏండ్లతరబడి ఎండకు వానకు పడియుండి, 1859లో నూట ఇరువదికి పైగా ఓడలో లండను పోయినవి. అక్కడను వానికి ఆదరము దొరకలేదు. కొంతకాలము బండ్లు నిలుపు కొట్టములో మూలబడియుండగా ఫెర్గూసన్ అను పండితుడు 1867లో గుర్తించి వెలికి దీయించెను. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. ఆ 1880లోనే మదరాసు ప్రభుత్వము దిబ్బను పూర్తిగా త్రవ్వించినది. మఱుసటి సంవత్సరము బర్జెస్ వచ్చి చూచునప్పటికి మధ్యభాగమున పెద్ద గొయ్యి తప్ప ఏమియు లేదు. శాస్త్రము పేరిట జరిగిన ఈ పని సున్నపు బట్టీకంటె తక్కువ హాని చేసినదని చెప్పుట కష్టము. ఏ రాయి ఏ చోట నుండెనో తెలుపు వ్రాత ఏదియు మిగులలేదు.

నేడు మదగజమగు నళగిరిని బుద్ధుడు శాంతింపజేయు వృత్తఫలకము చెన్నపట్టణపు మ్యూజియమున నున్నది. బుద్ధుని పాదముద్రలకు స్త్రీలు వంగి నమస్కరించు ఫలకములోని భక్తి, ఆ వంగిన వీపుల లయ చూచినవారికి మఱపురావు. లండనులో నున్న పలక ఒకటి మఱింత వింతయైనది. దానికి ఒక ప్రక్క బోధివృక్షము, శూన్యాసనము. అది క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దపు పని. రెండవ ప్రక్క చైత్యము యొక్క చిత్రము. అది సుమారు మూడువందల ఏండ్ల తరువాతి పని. బుద్ధుని మానవరూపమున చెక్కుటకు వెనుదీసిన కాలమున ఎవరో ఇచ్చిన రాతిని త్రిప్పి, క్రొత్త కాలపు శిల్పి తన పనికి వాడుకొనెను. మొదటి దాత ముఖము గోడలోనికి పోయినది. మహాచైత్యము తానే తన పాత రాళ్ళను ఇట్లు వాడుకొనుచుండెనని తెలిసినప్పుడు వాసిరెడ్డివారి పనివారిపై కోపము కొంత చల్లబడును.

అమరావతిలో దొరకిన రాతి ముక్క యొకదానిపై "నాగబు" అను పదము కలదు. ప్రాకృతశాసనముల నడుమ మెరయు ఈ పదమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించి, తెలుగుపదములలో నింతకంటె ప్రాచీనముగా లిఖితమైనది కానరాదని చూపిరి. అది దాత పేరో, దాత తండ్రి పేరో, చెక్కినవాని పేరో తేలలేదు. రాయి అక్కడ విఱిగిపోయినది.